మట్టవ్వకు నోళ్లు చేసిన ఏడాది

ముప్పై నాలుగేండ్లు నేను మనుషులకు పెట్టుడు పండ్లు చేసిన. సూర్యాపేటల మెయిన్ రోడ్డు మీదికెళ్లి లోపలికి తిరిగే సందుల, మేడ మీద రెండు గదుల ల్యాబు. పండ్ల డాక్టర్లు పేషెంటు నోట్ల ముద్ద పెట్టి కొలత తీసి మాకు పంపుతరు. మేం దాంట్ల ప్లాస్టర్ పోసి దవడ అచ్చు తీస్తం, మైనం మీద పండ్లు పేర్చుతం, ఉడకవెట్టి, సానవట్టి, సెట్టు చేసి పంపుతం. పేషెంటు మొఖం మాకు కనపడదు. ఎంతమంది దవడలు నా చేతిల పడ్డయో లెక్క లేదు గాని, బజార్ల వాళ్లు ఎదురొస్తే నాకు తెల్వదు, వాళ్లకు నేను తెల్వదు.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు కంప్యూటర్ల గీసి మిషన్ల పోస్తున్నరు. మంచిదే. ఆ మిషన్ గురించి మీకు చెప్పేటంత తెలివి నాకు లేదు. నేను చెప్పేది నా చేతితోని అయిన ఒక తప్పు. చెడిపోయిన సెట్టు కత కాదు ఇది. నా జిందగీల అంత మంచి సెట్టు ఇంకొకటి చెయ్యలే. అందుకే మీకు చెప్పాలనిపించింది.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఒక పొద్దున ఒకామె ల్యాబుకు వచ్చింది. ముప్పై ఐదు దాక ఉంటయి. కోదాడల టీచరు బిడ్డ. హైదరాబాదుల పదేండ్లు ఏవో బయటిదేశం కంపెనీలకు కంప్యూటర్ బొమ్మలు కదిలించే ఉద్యోగం చేసి, అది ఇడిసిపెట్టి సొంతంగ సినిమా తీయనీకి వచ్చిందట. సంచిల నుంచి నిమ్మకాయంత తలకాయ ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. ముసలవ్వ మొఖం. ముడుతలు, కండ్లు, చెవుల కమ్మలు అన్నీ ఉన్నయి. నోరు ఉండాల్సిన కాడ ఉత్త గుంట.

"బాబాయ్ గారూ, దీనికి నోళ్లు కావాలండి" అన్నది.

ఎన్ని అంటే పదహారు అన్నది. నేను నవ్విన. ఆమె నవ్వలే.

ఆమె చెప్పింది నాకు అర్థమైన కాడికి ఇది. జానెడు బొమ్మను బల్ల మీద నిలబెట్టి ఒక ఫోటో తీస్తరు. దాని చెయ్యి గోరంత జరిపి ఇంకో ఫోటో. అట్ల పన్నెండు ఫోటోలు తీస్తే తెర మీద ఒక్క సెకను బొమ్మ కదిలినట్టు కనపడుతది. బొమ్మ పాట పాడాల్నంటే, అ అన్న కాడ ఒక నోరు, ఉ అన్న కాడ ఒక నోరు, మ అన్న కాడ మూసిన నోరు పెట్టుకుంట పోవాలె. సినిమాల ఒక పిల్ల మాత్రం నిజం మనిషి. తల్లి చచ్చిపోయినంక మాట్లాడుడు బంద్ చేసిన పిల్ల. ఊరి బయట ఎండిపోయిన బాయిలకు దిగుతది. అడుగున మట్టి మనుషులు ఉంటరు. పైన జనం మరిచిపోయిన పాటలన్నీ వాళ్ల కాడ ఉంటయి. వాళ్లల్ల పెద్దది మట్టవ్వ. ఆఖర్న బాయిలకు నీళ్లు వస్తయి. నీళ్లు తగిలితే కరిగిపోతమని తెలిసి గూడ వాళ్లే పాట పాడి నీళ్లను పిలుస్తరు. మట్టవ్వ కరుగుకుంట పాడుతుంటే, ఆ పిల్ల మొదటిసారి నోరు తెరుస్తది.

కత విన్నంక నేను కాదనలే. మనుషుల నోళ్లు చేసి చేసి విసుగొచ్చిన రోజులవి.

సినిమా తీసేది మిర్యాలగూడల. వాటాదార్లు కొట్లాడుకొని మూసేసిన రైస్ మిల్లు ఒకటి కిరాయికి దొరికింది వాళ్లకు. కిటికీలకు నల్ల కాగితాలు అతికించి, లోపల లైట్లు పెట్టిన్రు. తవుడు వాసన గోడలకు పట్టుకోని పోలేదు. మేళ్లచెరువు దిక్కు నుంచి తెప్పించిన సున్నపురాయి ముక్కలతోని నడుమెత్తు బాయి ఒకటి కట్టిన్రు, బొమ్మల కోసం. పిల్ల నటించే బాయి వేరే, పెద్దది. ఆదివారం ఆదివారం నేను బస్సెక్కి పోయేటోన్ని.

బొమ్మలు కదిలించే ఆయనది గరిడేపల్లి. ఒకప్పుడు పెండ్లిండ్లకు ఫోటోలు తీసినోడు. హైదరాబాదుల బొమ్మల పని నేర్చుకున్నడు. నలభై దాటినయి, నడుం నొప్పి, మాట తక్కువ. బొమ్మను ముట్టేటప్పుడు ఊపిరి బిగవట్టేటోడు. పొద్దుందాక చేస్తే నాలుగు సెకన్ల సినిమా అయ్యేది. ఒక ఆదివారం నేను చాయ్ గ్లాసు తెచ్చి ఆ బల్ల అంచు మీద పెట్టిన. బల్ల జర్ర కదిలింది. మూడు రోజుల పని అక్కడికి ఖతం. ఆయన బయటికి పోయి గోడ దిక్కు తిరిగి కొంచెంసేపు నిలబడి, లోపలికొచ్చి మళ్ల మొదటి ఫోటో కాడికెళ్లి షురూ చేసిండు. ఆయన తిడితే బాగుండునని సాయంత్రం దాక అనుకున్న. అప్పటి నుంచి ఆ మిల్లుల నేను చేతులు వెనక్కు కట్టుకోనే నడిచిన.

ఇగ మట్టవ్వ పాట పాడే ఆమె గురించి చెప్పాలె.

నిడమనూరు దగ్గర ఊరు. డెబ్బై దాటినయి. పుట్టినప్పటి నుంచి పొలం పనే. వాళ్లది తాతల కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు. ఆదివారం ముందు వరసల నిలబడి పాట ఎత్తుకునేది ఈమెనే. నా కాడికి బొమ్మ తలకాయ తెచ్చిన డైరెక్టర్ పాటల కోసం ఊర్లు తిరిగేటప్పుడు, నాట్లేస్తున్న మడి గట్టు మీద నిలబడి ఈమె పాట విన్నదట. విని ఫోన్ల రికార్డు చేసుకున్నది. పక్కన బోరు మోటరు నడుస్తనే ఉన్నది.

ఎండిన బాయిల ఎవరమ్మా పిలిచింది
పిలిచింది మా యమ్మ పేరెట్టి పిలిచింది

అది మొదటి చరణం. ఆమె తల్లి పాడిన పాటట. ఆఖరి మడి నాటు అయినంక గట్టెక్కి పాడేదట. మొత్తం నాలుగు చరణాలు ఉండాలె గాని మిగిలినయి సరిగ యాదికి రావడం లేదన్నది. యాదికొచ్చినంక పాడుతనన్నది. రాగం లేకుండ ఉత్త మాటలు చెప్పమంటే చెప్పలేనని కూడ అన్నది.

ఆమె నోట్ల పై వరసల ముందు రెండు పండ్లున్నయి. పొడుగ్గ, నడుమ సందుతోని. కింద మూడో నాలుగో. మిగిలినయన్నీ ఎప్పుడో పోయినయి. ఆమె పాడితే ఆ రెండు పండ్ల సందు నుంచి సన్నటి గాలి వచ్చేది. పిలిచింది అన్నప్పుడు ఆ చ అటు చ కాదు, ఇటు స కాదు. మాట అయిపోయినంక గూడ ఆ గాలి సన్నటి ఈల లెక్క కొంచెం మిగిలేది. వినే మనిషికి వీపుల చలి పుట్టేది. డైరెక్టర్ ఆ గాలి కోసమే ఆమెను పట్టుకున్నది. మట్టవ్వ నోట్ల గూడ అవే రెండు పండ్లు ఉండాల్నన్నది.

అందుకని నేను ఆమె నోటి కొలత తీసుకోవాల్సి వచ్చింది. ముద్ద కలిపి దగ్గరికి పోతే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మా కోడలికి గూడ సూపియ్యలే తమ్మీ నా నోరు అన్నది. నా కంటే పన్నెండేండ్లు పెద్దది. నేను అక్కా అని పిలిచిన. మెల్లగ కొంగు తీసింది. కొలత అయినంక నోరు పుక్కిలించుకొని, నా పెట్టెల ఉన్న బొమ్మ నోళ్లను చేతిలకు తీసుకొని ఒక్కొక్కటే చూసింది.

"బొమ్మకు పదహారు నోళ్లు చేస్తున్నవంట. నాకొక్కటి చెయ్యరాదు తమ్మీ?"

చేస్త అక్కా, చూద్దాం అన్న. అప్పటికి అది నవ్వులాట మాటనే.

ఏడాది పైన గడిచింది. సినిమాల మట్టవ్వ పాడే వేరే మూడు పాటలు ఆమె పాడి రికార్డు ఇచ్చేసింది. బొమ్మలాయన వాటి మీద రాత్రింబగళ్లు కాదు గాని, ఎన్ని పగళ్లు పెట్టిండో. మట్టవ్వ పాడుతుంటే చూసిన. నేను చేసిన నోరు, ఆమె గొంతు, ఆయన చెయ్యి. ముగ్గురం కలిసి ఒక మనిషిని చేసినట్టు అనిపించింది. నేను చేసిన పండ్లు మాట్లాడంగ అంత దగ్గరి నుంచి అంతకుముందు నేనెన్నడూ చూడలే.

ఆఖరిది, నాలుగు చరణాల ఆ బాయి పాట మాత్రం మిగిలింది. డైరెక్టర్ వాయించేటోళ్లను మాట్లాడనీకి నెలన్నర కోసం హైదరాబాదు పోయింది. ఇదంత ఆ నెలన్నరలనే జరిగింది.

పాట పాడే అక్క ఒక్కతే బస్సెక్కి సూర్యాపేట వచ్చింది. దవడ వాచింది. వారం నుంచి గంజి తప్ప ఏం పోతలేదన్నది. కొంచెంసేపు కూసున్నంక అసలు మాట చెప్పింది. చర్చిల చిన్నపిల్లలు ఆమె పాడినట్టు గాలి ఊది నవ్వుకుంటున్నరట. ఆమెకు వేరే మెత్తగ వండాల్సి వస్తదని ఇంట్ల కోడలు మాటలు అంటున్నదట. రేపు సినిమా అయినంక స్టేజీ మీదికి పిలుస్తరట గద, అప్పుడు నోరు మూసుకొని నిలబడాల్నా అన్నది. నాకు నవ్వాల్నని ఉన్నది తమ్మీ అన్నది.

నాకు తెలిసిన పండ్ల డాక్టరు కాడికి నేనే తోలుకపోయిన. ఆయన చూసి, కింది పండ్ల చుట్టూ చీము పట్టింది, అన్నీ తీసెయ్యాలె, పైన రెండు గూడ కదులుతున్నయి, వాటిని ఉంచితే సెట్టు సరిగ కూసోదు, తీసేస్తే ఫుల్ సెట్టు పెట్టొచ్చు అన్నడు. కాగితం మీద రాసుకుంట ఏం పని చేస్తదని అడిగిండు. ఆమె నోట్ల దూది ఉన్నది. నేను చెప్పిన.

"వ్యవసాయ కూలి సార్."

అబద్ధం కాదు. ఆమెను ఎవరడిగినా ఆమె చెప్పేది గూడ అదే. కాని ఆ గదిల ఆమె పాడుతదని తెలిసినోన్ని నేనొక్కన్నే. పాట నా నోటి దాక రాలే. పండ్ల పని అనుకున్న, పండ్ల కాడనే ఆగిపోయిన.

పుండు మానినంక సెట్టు చేసిన. ఎట్ల చేసిననుకున్నరు. పండ్లు కొంచెం పసుపు రంగు ఏరి పెట్టిన, ఆ వయసుకు తెల్లగ ఉంటే పెట్టుడు పండ్లని తెలుస్తది. ముందు పండ్లు జర్ర వంకర పెట్టిన, పుట్టుకతోని వచ్చినట్టు. చిగుళ్ల రంగు ఆమె పెదవుల రంగుకు కలిపిన. మైనం మీద పేర్చి నోట్ల పెట్టి చూసే రోజు, మా పనిల అలవాటుగ, కొన్ని మాటలు అనమన్న. ఒకటి రెండు మూడు అన్నది. సూర్యాపేట అన్నది. తర్వాత తనంతట తనే పిలిచింది అన్నది.

చ శుభ్రంగ పలికింది.

మా పనిల దానికి గెలుపని పేరు. నాకు సంతోషమైంది. ఆమెకు గూడ అయింది. అద్దంల చూసుకొని కొంగు తీసి, మళ్ల మూసి, మళ్ల తీసి చూసుకున్నది. లోపల ఎక్కడో ఏదో జర్ర గుచ్చుకున్నట్టు అయింది గాని, నేను దాన్ని పట్టించుకోలే. కొత్త సెట్టు పెట్టుకున్నోళ్లకు మాట మారుతదని, నెల రోజులు పేపరు గట్టిగ చదవమని అందరికీ చెప్పేది నేనే. ఆమెకు చదువు రాదు, పాటలు పాడుకో అక్కా అని చెప్పిన. చూసిన్రా, చెప్పేటప్పుడు గూడ నాకు తట్టలే.

డైరెక్టర్‌కు చెప్పలే. వచ్చినంక ఒక్కసారే చూసి సంబరపడుతదని అనుకున్న.

రికార్డింగు రోజు నేను ల్యాబు మూసి మిర్యాలగూడ పోయిన. మిల్లు పక్కనే గోడలకు పరుపులు వేలాడదీసిన గది. వాయించేటోళ్లు ఇద్దరు వచ్చిన్రు. ఆమె తెల్లచీర కట్టుకొని, తలకు నూనె పెట్టుకొని వచ్చింది. అందరిని చూసి నోరారా నవ్వింది. బొమ్మలాయన గుమ్మంల నిలబడి ఉన్నడు. ఆయన మొఖమే ముందు మారింది.

డైరెక్టర్ బాగున్నయి అమ్మా అన్నది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది. నాలుగు చరణాలు యాదికొచ్చినయా అంటే అన్నీ వచ్చినయని అక్క తల ఊపింది. మొదలుపెట్టింది.

మాటలు ముత్యాల లెక్క స్పష్టంగ ఉన్నయి. రేడియోల వార్తలు చదివినట్టు. గొంతు అదే గాని, ఆ గొంతు ఎవరి ఇంట్లనో ఉన్నట్టు అనిపించింది. మొదటి చరణం కాడ డైరెక్టర్ చెయ్యి ఎత్తి ఆపింది. మళ్ల పాడించింది. మళ్ల ఆపింది. పక్కకు జరిగి పాడమన్నది, దగ్గరికి జరిగి పాడమన్నది, నీళ్లు తాగి పాడమన్నది. పొద్దుటికెళ్లి మధ్యాహ్నం దాక మొదటి చరణం దాటి పోలే. ప్రతిసారి ఆమె నా దిక్కు చూసింది, సెట్టు సరిగ కూసున్నదా అన్నట్టు.

తిండి పేరు చెప్పి డైరెక్టర్ నన్ను బయటికి పిలిచింది. మిల్లు వెనుక పాత తూకం కాడ నిలబడ్డం.

"ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది కదా బాబాయ్ గారూ" అన్నది. అరవలే. అరిచినా అంత తగలకపోవు. కొద్దిసేపటికి, "ఆ పళ్లు తీసి పాడమని అడగండి. నేను అడగలేను" అన్నది.

పై రెండు పండ్లు గూడ లేవని అప్పుడు చెప్పిన. ఆమె తూకం కడ్డీ పట్టుకొని నిలబడిపోయింది.

అయినా అడగాల్సి వచ్చింది. గదిల అందరిని బయటికి పంపి, ఆమె ముందల కింద కూసొని అడిగిన. పాటకు ఇవి అడ్డమొస్తున్నయి అక్కా, ఒక్కసారి తీసి పాడు అన్న. ఆమె అటు తిరిగి, కొంగు చాటున తీసి రుమాలల చుట్టి ఒళ్లె పెట్టుకున్నది. డైరెక్టర్‌ను ఒక్కదాన్నే లోపలికి పిలిచినం. పాడింది.

గాలి వచ్చింది గాని, నోరంతా గాలే వచ్చింది. త అనాల్సిన కాడ, న అనాల్సిన కాడ నాలుకకు ఆనేటందుకు ఏం లేదు. పిలిచింది అన్న మాట పెదవులు దాటంగనే చెదిరిపోయింది. ఆమె తనంతట తనే ఆపింది. అద్దం లేకుండనే తన మొఖం తనకు కనపడినట్టు కూసున్నది.

"ఇది నా గొంతు కాదు బిడ్డా" అన్నది డైరెక్టర్‌తోని.

నా దిక్కు చూడలే.

ఆమెను ఊరి దాక దింపి రావాల్నని ఆటో మాట్లాడిన. తొవ్వ పొడుగున కాలువ నీళ్లు, రెండు పక్కల నాట్లయిన పొలాలు. రుమాలు ఒళ్లెనే ఉన్నది. నేను ఏదేదో చెప్పిన. మూడు నెలలు అయితే నోరు అలవాటు పడుతదని, పై సెట్టుల నడుమ సందు పెట్టి వేరేది చేస్తనని. ఆమె వింటున్నదో లేదో తెల్వలే. ఊరు వస్తుందనంగ మాట్లాడింది.

"మొన్న జామకాయ కొరికి తిన్న తమ్మీ. ఎన్నేండ్లయిందో. అది గూడ నీ దయనే."

ఎత్తిపొడుపు కాదు. నిజంగనే అన్నది. ఎత్తిపొడుపు అయితే నేను భరించేటోన్ని.

సందు పెట్టి వేరే సెట్టు చేసిన. పండ్లు పెట్టుకున్నది గాని పాడలే. గాలి వచ్చేది సందుల నుంచి మాత్రమే కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ రెండు పండ్ల చుట్టు నాలుక ఎటు ఒంగాలె, పెదవి ఎంత మూయాలె అని ఆమె నోరు ఏండ్లు పెట్టి నేర్చుకున్నది. మూడు నెలలు ఆగితే కొత్తగ ఏమన్న నేర్చుకుంటుండెనేమో. ఆగే టైము లేదు. మిల్లు అమ్ముడువోయింది, కొత్త వడ్లు వచ్చేలోపు ఖాళీ చెయ్యాలె. నిజం మనిషిగ ఆడే పిల్ల ఎత్తు పెరిగి, గౌను అంచు రెండుసార్లు ఇప్పి కుట్టిన్రు. హైదరాబాదు నుంచి ఒక గాయని వచ్చి ఆ ఒక్క చరణమే పాడింది. మంచి గొంతు. బొమ్మలాయన ఆ పాటకు మట్టవ్వ నోరు పెట్టి ఒక రోజు పని చేసి, చూసి, బొమ్మ అబద్ధమాడుతున్నట్టు ఉన్నదన్నడు. తీసేసిన్రు.

ఆమె పాడే మనిషి అని ఆ డాక్టరుకు గూడ ఒకసారి చెప్పిన. ఆయన, పాడుతదని ముందు తెలిస్తే పై రెండు పండ్లు తీసే ముందు ఒకసారి అడుగుతుంటి, ఇంకో ఏడాదో ఏడాదిన్నరో ఆపి చూస్తుంటి అన్నడు. నన్ను తప్పు పట్టనీకి అనలే. ఉన్నమాట చెప్పిండు.

ఆఖరికి డైరెక్టర్ చేసింది ఇది. మడి గట్టు మీద ఫోన్ల తీసిన ఆ మొదటి చరణాన్నే పెట్టింది, మోటరు చప్పుడుతోని సహా. మోటరు చప్పుడును నీళ్లొచ్చే చప్పుడుల కలిపేసింది. మట్టవ్వ ఒక్క చరణం పాడుతది. తర్వాత నోరు తెరుచుకొనే ఉంటది గాని పాట ఉండదు. నీళ్లు నోటి కిందికి, గదుమ దాక వస్తయి. ఆ సప్పుడులేని కాడ, ఆ పిల్ల నోరు తెరిచి మొదటిసారి కూనిరాగం తీస్తది. మాటలు ఉండయి. ఎందుకంటే మాటలు మా ఎవరి దగ్గరా లేవు.

సినిమా పెద్ద హాళ్లకు పోలే. కోదాడల ఒక ఫంక్షన్ హాలుల మధ్యాహ్నం పూట తెర కట్టి చూపిచ్చిన్రు. రెండు వందల మంది దాక వచ్చిన్రు. మట్టవ్వ పాట ఆగిపోయి, పిల్ల నోరు తెరిచిన కాడ హాలు హాలంతా ఊపిరి పట్టినట్టయింది. అయిపోయినంక ఒక లెక్చరరు మైకు తీసుకొని, ఆ మౌనమే ఈ సినిమాకు ప్రాణం, అంత ధైర్యంగ పాటను ఆపడం గొప్ప ఆలోచన అన్నడు. చప్పట్లు కొట్టిన్రు. డైరెక్టర్ దండం పెట్టింది. బొమ్మలాయన ఆఖరి వరసల నుంచి లేచి బయటికి పోయిండు. అది ఆలోచన కాదు, గుంత అని మా నలుగురికే తెలుసు.

ఆమెను స్టేజీ మీదికి పిలిచిన్రు. పండ్లు పెట్టుకొనే పోయింది. ఫోటోలు తీస్తుంటే నవ్వింది. ఆ ఫోటో నా దగ్గర ఉన్నది. నా పని అంత బాగ పడ్డ ఫోటో ఇంకోటి లేదు.

చర్చిల పాట ఎత్తుకునుడు మానేసిందని కోడలు ఆ రోజే చెప్పింది. ఇప్పుడు వెనుక వరసల కూసుంటదట. అందరితోని పాటు పెదవులు కదిలిస్తదట గాని చప్పుడు రాదట. డైరెక్టర్ రెండుసార్లు ఇంటికి పోయి మిగిలిన మూడు చరణాలు ఉత్తగ చెప్పమని అడిగిందట. యాదికి లేదు బిడ్డా అన్నదట.

జనం పల్చబడ్డంక అక్క, నేను హాలు బయట మెట్ల మీద కూసున్నం. కోడలు లోపల భోజనం పెట్టిచ్చుకొస్తనని పోయింది. ఎదురుంగ హైవే మీద లారీలు పోతున్నయి. ఆమె ఉన్నట్టుండి నా దిక్కు తిరిగి, తమ్మీ, రెండో చరణం చెప్త విను అన్నది. రాగం లేదు. ఎవరికో సామాన్ల పేర్లు చెప్పినట్టు, ఒక్కొక్క మాట నెమ్మదిగ, మొఖంల ఏం లేకుండ చెప్పింది. రెండోది అయినంక ఆగకుండ మూడోది చెప్పింది. నాలుగోది చెప్పింది. రాగం లేనిది మాట రాదన్న మనిషి అన్నీ చెప్పింది.

"యాదుంటదా?" అన్నది.

"ఉంటది అక్కా" అన్న.

పోయిన వానకాలం జరమొచ్చి నాలుగు రోజులల్ల పోయింది. సమాధి కార్యక్రమానికి డైరెక్టర్ వచ్చింది, బొమ్మలాయన వచ్చిండు. చర్చిల వేరే పాటలు పాడిన్రు. బయట నిలబడ్డప్పుడు డైరెక్టర్‌కు చెప్పిన, ఆ రోజు మెట్ల మీద నాకు నాలుగు చరణాలు చెప్పిందని. ఆమె బ్యాగుల నుంచి పుస్తకం, పెన్ను తీసి నా ముందు పట్టుకున్నది. నేను నోరు తెరిచిన. ఏం రాలే. నీళ్లు, తల్లి, గట్టు. మూడు మాటలు. వాటి వరుస గూడ తెల్వదు. ఆమె పెన్నుకు మూత పెట్టి పుస్తకం మూసింది.

ల్యాబు ఇచ్చేసిన. చేతులు వణుకుతున్నయి, మైనం మీద నిలబడ్తలేవు. అయినా ఇప్పుడు కాగితం ఇస్తే ఆమె దవడ గీసిస్త. అంగిట్ల గీతలు ఎన్నున్నయో, ఎక్కడ ఎముక కరిగిందో చెప్త. ఆ రోజు మెట్ల మీద ఆమె చెప్తున్నంతసేపు నేను ఆమె నోటి దిక్కే చూసిన. విననీకి కాదు. ముప్పై నాలుగేండ్ల అలవాటు. త అన్నప్పుడల్లా కింది సెట్టు ఎడమ పక్కన జర్ర లేస్తున్నది, రేపు తెప్పించుకొని సానవట్టాలె అనుకుంట కూసున్న. పాట ఒక్కటి పోయింది గాని, ఆ సెట్టు ఎంత లేచిందో నాకు ఇప్పటికీ యాదున్నది. గోరు మందంల సగం.